గోడ మీద పచ్చదనం

ఆఫీసులో మళ్లీ ఇంకో డ్యాష్‌బోర్డు. కొబ్బరికాయ కొట్టారు, గోడకి టీవీ బిగించారు, ‘రియల్ టైమ్’ అని మూడుసార్లు అన్నారు. సర్వర్లు బాగున్నాయని తెర మీద అంతా పచ్చగా ఉంది. ఆ పచ్చదనంలో సగం సాగర్ కుడికాలువ చివరి పొలాలకిచ్చినా పల్నాడు బాగుపడేది.

మొన్న నరసరావుపేటలో, ఏ ఆఫీసో చెప్పను, ఓ కాగితం కోసం రెండు గంటలు నిలబడ్డాను. ‘సర్వర్ డౌన్ సార్’ అన్నాడు అక్కడి కుర్రాడు. మాచర్ల నుంచి తొలి బస్సుకొచ్చిన పెద్దాయన ‘అది లేచేదెప్పుడు నాయనా?’ అన్నాడు. కుర్రాడి తలపైన టీవీ మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది. మధ్యాహ్నం లోపలికెళ్లి అడిగితే, ‘ఇప్పుడు బాగానే నడుస్తోందిగా!’ నడుస్తోంది. పొద్దున పదిన్నరకి ఏమైందయ్యా అంటే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

యంత్రానికి తెలుసు. లినక్స్‌కి ఉచితంగా దొరికే పెర్ఫార్మెన్స్ కో-పైలట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పీఎంలాగర్ అనే గుమాస్తా ఒకడుంటాడు. లోడెంత, మెమరీ ఎంత, డిస్కు ఎంత అని వేళతో సహా ఆర్కైవ్‌లో రాసిపెడుతుంటాడు. ఆ సర్వర్లోనూ ఉన్నాడు, అడిగి తెలుసుకున్నాను. సీ భాష వచ్చినవాడు, అంకెలు ఎక్కడి నుంచి తేవాలో చెప్పే కాంటెక్స్ట్ తెరిచేటప్పుడు లైవ్ యంత్రం బదులు ఆర్కైవ్ పేరిచ్చి, పీఎంసెట్‌మోడ్ అనే ఫంక్షన్‌తో పదిన్నరకి వెళ్లి, పీఎంఫెచ్ అనే ఫంక్షన్‌తో వరసగా చదువుకోవచ్చు. చదివినవాడే లేడు.

ఇక ఆ టీవీలో నాకు బాగా నచ్చిన అంకె డిస్కు రీడ్లది. కోట్లలో ఉంది, క్షణక్షణానికీ పెరుగుతోంది. వచ్చినవాళ్లందరికీ ‘చూశారా, ఎంత పని చేస్తోందో’ అని చూపిస్తున్నారు. అయ్యా, అది కౌంటరు. యంత్రం ఆన్ అయిన దగ్గర్నుంచీ కూడిన మొత్తం. పెరగక ఏం చేస్తుంది?

ఇంటి కరెంటు మీటరు చూడండి. 8,412 కనబడిందని రీడింగ్ తీసే అతను 8,412 యూనిట్లకి బిల్లు కొట్టడు, పోయినసారి రీడింగ్ తీసేస్తాడు. కొడితే వీధంతా కర్రలు పట్టుకొస్తుంది. అతనికి తెలిసిన తీసివేత, లక్షలు పోసి కట్టిన తెరకి తెలియదు!

కో-పైలట్‌లోనే ఉన్న పీఎంలుకప్‌డెస్క్ ఫంక్షన్‌ని పిలిస్తే ఏది కౌంటరో, ఏది ఆ క్షణపు విలువో అదే చెబుతుంది. రెండు రీడింగులు తీసుకుని, తేడాని మధ్యనున్న సెకన్లతో భాగించాలి. ఎవరో సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఆ కోట్లు సున్నాకొస్తాయి. పని తగ్గిందేమని దానికి మెమో ఇస్తారేమోనని నా భయం.

నవ్వు ఇక్కడికి చాలు. ఆ పెద్దాయన బస్సు ఛార్జీ, పోయిన కూలి ఎవరిస్తారు? గట్టిగా అడిగితే విచారణ అంటారు, దానికో నెల. ఎవరూ సెట్టింగు మార్చకపోతే పాత ఆర్కైవ్‌లు 14 రోజులకి తుడుచుకుపోతాయి. సాక్ష్యం పోయాక విచారణ మొదలవుతుంది. దీన్ని మా ఊళ్లో సోమరితనం అంటారు.

 

పల్నాటి కథలో నాగమ్మ కోడి బ్రహ్మనాయుడి కోడినెలా ఓడించిందో కారంపూడిలో ఇప్పటికీ వరస తప్పకుండా చెబుతారు. నిన్న సర్వర్ ఎందుకు పడిందో చెప్పే నాథుడు లేడు. ఈసారి ‘డౌన్’ అంటే టీవీ వైపు చూడకండి. ‘పదిన్నర ఆర్కైవ్ తీయండి’ అనండి. 14 రోజుల్లోపే అనండి.