చెత్త అర్జీ – టీకా తాత్పర్య సహితం

మూలం

పంచాయతీ కార్యదర్శి గారికి, అప్పనపల్లి గ్రామస్థులు నమస్కరించి వ్రాసుకున్నది. ఆర్యా, కాలవగట్టు మీద ఎవరో రాత్రిపూట చెత్త పోయుచున్నారు. వాసన భరించలేకున్నాము. తమరు దయతో తగు చర్య తీసుకొనవలెనని ప్రార్థన. ఇట్లు, గ్రామస్థులు.

అవతారిక

ఈ గద్యకావ్యం ఏ ఒక్కరి కృతీ కాదు. గోదావరి పాయ వైనతేయకు అటూ ఇటూ ఏ ఊళ్లో వెతికినా ఇదే పాఠం దొరుకుతుంది, ఊరి పేరొక్కటే మారుతుంది. అప్పనపల్లి ప్రతిని ఎంచుకోవడానికి కారణం బాల బాలాజీ. కొబ్బరి వ్యాపారి మొల్లేటి రామస్వామి గారి భక్తితో వెలసిన ఆ గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు గనక, ఇందులోని ముఖ్యపదమైన “ఎవరో”కు ఈ ఊళ్లో అర్థవిస్తృతి ఎక్కువ. ఆధారం లేనిదేదీ రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన కాళిదాసుకి వ్యాఖ్య రాశాడు, అర్జీలకు కాదు.

ప్రతిపదార్థం

ఆర్యా: ఇది మర్యాద. పని జరిగేవరకు ఉంటుంది, జరక్కపోతే రెండో అర్జీలో పోతుంది.

కాలవగట్టు మీద: ధవళేశ్వరం దగ్గర ఆపిన గోదావరి నీరు గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటి ఈ లంకలోకి వస్తుంది. కాలవ ఇరిగేషన్ వారిది. రోడ్డు ఒకచోట పంచాయతీది, ఇంకోచోట ఆర్ అండ్ బీ వారిది. గట్టు దిగితే ఎవరో ఆసామి కొబ్బరితోట. ఈ సరిహద్దులన్నీ కలిసేచోట చెత్త పడుతుంది. పోసేవాడు సర్వే నంబర్లు చదివాడని కాదు, ఎవరూ ఊడవని చోటేదో వాడికి రెవెన్యూ వాళ్లకంటే బాగా తెలుసు.

ఎవరో: అనిశ్చయార్థకమని వైయాకరణులు. ఆ మాట పట్నాలకు చెల్లుతుంది. అప్పనపల్లిలో ఎవరో అంటే బాగా తెలిసినవాడని అర్థం. ఏ బండి మీద వచ్చాడో, ఎన్నింటికి వచ్చాడో, బస్తా ఏ కొట్టుదో ఊరికంతటికీ తెలుసు. పేరు మాత్రం కాగితం మీదకి రాదు. రేపు కొబ్బరి దింపుకి మనిషి కావాలంటే వాడి తమ్ముణ్ణే పిలవాలి. సంతకం పెట్టిన వాళ్లలో ఇద్దరికి వాడు మేనల్లుడి వరస. కాబట్టి విచారణ వీధి అరుగు మీదే జరుగుతుంది.

“ఏరా అబ్బాయ్, రాత్రి బండేసుకుని ఎటో వెళ్లావు?”

“నాన్నగారికి మందులకండి.”

“ఆయ్, ఈమధ్య మందులు బస్తాల్లో కట్టిస్తున్నారేంటి?”

అబ్బాయి నవ్వేస్తాడు, పెద్దాయనా నవ్వేస్తాడు. కేసు ముగిసింది. ఓ నాలుగు రోజులు బస్తా రాదు, అయిదో రోజు వస్తుంది.

ఇక్కడ “ఎవరో” బదులు “పైనుంచి వచ్చిన భక్తులు” అని ఒక పాఠాంతరం ఉంది. ఊరికి సుఖమైన పాఠం. కానీ బాలాజీ దర్శనానికొచ్చినవాడు కోడి ఈకలు బస్తాడు వెంట తెచ్చుకుంటాడా అన్న శంకకు, ఆ పాఠం పట్టుకున్నవారు ఇంతవరకు సమాధానం చెప్పలేదు.

రాత్రిపూట: తార్కికులు కొండ మీద పొగ చూసి నిప్పుందని ఊహిస్తారు. కోనసీమలో కొండల్లేవు. పొద్దున్నే గట్టు మీద పొగ చూసి, ఎవడో తగలబెట్టాడనీ, సరుకు రాత్రే దిగిందనీ ఊహించుకోవాలి. పక్కనే పాశర్లపూడిలో 1995 జనవరి 8న ఓఎన్జీసీ బావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు ఈ తంటా లేదు. నిప్పు కళ్లెదుటే ఉంది, బావి ఎవరిదో దేశానికంతా తెలుసు. చిన్న మంటలకే అనుమానం ప్రమాణమవుతుంది. తర్కంలో అనుమానంతో వాదం ముగుస్తుంది, ఊళ్లో అక్కణ్ణుంచే మొదలవుతుంది.

చెత్త: పూర్వ వ్యాఖ్యాతలు ఈ పదాన్ని ఎరుగరు. కొబ్బరి డొక్క పీచుకి పోయేది. కమ్మ దడికీ పొయ్యిలోకీ, ఈనె చీపురుకీ పోయేవి. తిన్న అరిటాకు గొడ్డుకి పోయేది. కోనసీమ ఇంట్లో పారేయడానికి మిగిలేదే తక్కువ. ఇప్పటి బస్తాలో థర్మాకోల్ పళ్లేలు, డైపర్లు, చికెన్ కొట్టు వ్యర్థాలు, పడగొట్టిన గోడ పెచ్చులు. వీటిని వీధిలో గానీ కాలవలో గానీ పోయకూడదనీ, తగలబెట్టకూడదనీ, పాతిపెట్టకూడదనీ 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. 2021 అక్టోబరు 2న రాష్ట్రంలో క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం మొదలై, క్లాప్ మిత్రలు ఈల ఊదుకుంటూ గుమ్మాల్లోకి వచ్చారు. పొద్దున్న ఈల వినపడ్డప్పుడు బయటికి రాని బస్తా, రాత్రయ్యేసరికి తనంతట తానే గట్టుకి నడుస్తుంది.

వాసన: ప్రత్యక్షం. వ్యాఖ్య అనవసరం.

తగు చర్య: వేసవిలో కాలవలు కట్టేస్తారు. అప్పుడు పోసిందంతా అడుగున బయటపడి, అర్జీలకు ప్రేరణ అవుతుంది. నీళ్లు వదిలాక చెత్త లేచి కిందికి పోతుంది, మన ఊరి తూము దగ్గర చిక్కుకుంటే తప్ప. తగు చర్య తీసుకున్నట్టు మన ఊరు భావిస్తుంది. కింది ఊళ్లో ఇదే గ్రంథానికి మరో ప్రతి తయారవుతుంది.

ఇట్లు, గ్రామస్థులు: పోసినవాడికి పేరు లేదు, రాసినవాళ్లకీ పేరు లేదు. రెండు పక్షాలా ఎవరోలే ఉన్న ఈ వ్యాజ్యంలో ఎవరో తెలిసిన పాత్ర కార్యదర్శి గారొక్కరే. ఆయన్ని చూస్తే నాకు జాలే.

తాత్పర్యం

వాడెవడో మేం చెప్పం, మీరు అడక్కండి. గట్టు మాత్రం బాగు చేయించండి.

విశేషాలు

పేరు చెప్పకుండా ఫిర్యాదేమిటని ఈ గ్రంథాన్ని ఆక్షేపించినవారున్నారు. వారు రత్లాం తీర్పు చూడలేదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం బహిరంగ మురుగు, వీధిలోనే మలవిసర్జన, సారా ఫ్యాక్టరీ వదిలే కంపు భరించలేక మేజిస్ట్రేటు దగ్గరకెళ్లారు. వీధిలో కూర్చున్నవాళ్ల పేర్లు ఎవరూ పట్టుకెళ్లలేదు. కాలవలు కట్టమని మేజిస్ట్రేటు ఆదేశిస్తే, డబ్బుల్లేవని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1980 జులైలో జస్టిస్ కృష్ణయ్యర్, డబ్బుల్లేవన్నది సాకు కాదు, శుభ్రం చేయడం మీ విధి అని తేల్చారు. పోసిందెవరన్న ప్రశ్న దగ్గర ఆగకుండా, ఎత్తాల్సిందెవరన్న ప్రశ్నకు వెళ్లిన తీర్పది. మన అర్జీ రచయిత మొహమాటం కొద్దీ చేరినచోటికి న్యాయమూర్తి శాస్త్రం ద్వారా చేరారు.

ఆ రోజు వాడిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ 2024 జులై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహితలో 152 అయింది. పోలీసు నివేదికే రానక్కర్లేదు, మరే సమాచారం అందినా మేజిస్ట్రేటు కదలవచ్చు. కాబట్టి కార్యదర్శి గారి దగ్గర పని కాకపోతే మూలంలో మొదటి పంక్తి మార్చి, ఇదే కాగితం ఆర్డీవో గారికి పంపుకోవచ్చు. “ఇట్లు” కింద ఒక పేరైనా రాస్తే మంచిది. “ఎవరో”ను మాత్రం ముట్టుకోనక్కర్లేదు.