ఎరల బకెట్టు పద్యానికి తార్నాక టీక

ఆటవెలది

ఎండవేళ నెరల నెత్తుకు పోవుచో
గాలి నింపుమయ్య, కలచవద్దు,
మంచుగడ్డ సంచి మాటున నుంచుము,
నల్ల నీళ్లు పోయ నష్టమగును.

అవతారిక: ఉస్మానియా హాస్టల్లో ఉంటూ, పరిశోధన ఎంతకీ తెమలని కవి ఒకడు, ఆదివారం గాలం వేయబోతూ తార్నాక చౌరస్తాలో ఆగి, స్కూటర్ మీద కాళ్ల మధ్యనున్న బకెట్టులోకి తొంగిచూసి ఈ పద్యం చెప్పెనని వాడుక. బకెట్టులోనివి పరిగెలు. పోవలసినది ఘట్‌కేసర్ వైపు చెరువుకు. నెల మే.

ప్రతిపదార్థం: ఎండవేళన్ = పొద్దున పదకొండు దాటాక; ఎరలన్ = గాలానికి గుచ్చబోయే బతికున్న చేపపిల్లలను; ఎత్తుకుపోవుచో = తీసుకుపోయేటట్లయితే (దొంగతనమనే అర్థం ఇక్కడ పొసగదు, డబ్బిచ్చి కొన్నవే); గాలిన్ = గాలిని; నింపుము = నీటిలో కలిసేలా చేయుము; అయ్య = ఓ గాలపురాయా; కలచవద్దు = చేయి పెట్టి కెలకవద్దు; మంచుగడ్డన్ = ఐసును; సంచి మాటునన్ = మూతి బిగించిన కవరులో; ఉంచుము; నల్ల నీళ్లు = నల్లా నీళ్లు; పోయన్ = పోస్తే; నష్టము అగును = చేపలు చచ్చును.

తాత్పర్యం: సుగమము.

విశేషాలు: గాలిని ముందు చెప్పడంలోనే కవి ప్రతిభ ఉంది. ఎండకు చేప ఉడికిపోతుందని లోకం అనుకుంటుంది. ఉడకదు; అంతకంటే చాలా ముందే ఊపిరాడక పోతుంది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు దిగుతుంది. ఆ పది డిగ్రీలకే చేపకు కావలసిన ఆక్సిజన్ మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. ఫెలోషిప్ ఆగి మెస్ బిల్లు పెరిగిన స్కాలరుకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

పూర్వపక్షం: మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారి చేప ప్రసాదానికి వచ్చినవారు, చిన్న కవరులో చేపపిల్లను పట్టుకొని వరసలో నిలబడతారు గదా, దానికి గాలి నింపినదెవరు? సమాధానం: అది కొర్రమట్ట పిల్ల. ఆ జాతికి మొప్పలతోపాటు తలలో గాలిని పట్టుకునే అర ఒకటి ఉంది. పైకొచ్చి ఒక గుటక వేసి పోతుంది. పరిగెకు ఆ అర లేదు. పైగా ఈ పరిగెను గుచ్చేది ఆ కొర్రమట్ట కోసమే. ఈ అన్యాయాన్ని కవి పద్యంలోకి రానీయలేదు, మనమూ రానీయవద్దు.

నింపుట ఎట్లు? బ్యాటరీ పంపు ఉంటే సరే. లేనివాడు మగ్గుతో నీళ్లు తీసి జానెడెత్తు నుంచి తిరిగి పోస్తూ ఉండాలి. చేపపిల్లలు అమ్మేవారు కవరులో మూడోవంతే నీళ్లు పోసి, మిగతాదంతా ఆక్సిజన్ పట్టించి ముడివేయడం గమనార్హం. మగ్గుతో పోయడం కలచుట కాదా అని శంకించరాదు. కలచుట అంటే చేత్తో తడమడం. దానివల్ల చేప ఒంటి మీది జిగురు పొర లేచిపోయి, రోగం దూరడానికి దారి పడుతుంది.

మూడో పాదానికి లాలాపేట ప్రతిలో 'మంచుగడ్డ తెచ్చి మాటికి వేయుము' అని పాఠాంతరం. ఛందస్సుకు సరిపోయింది, చేపలకే సరిపోలేదు. కరిగిన ఐసు నల్లా నీరే గనుకనూ, నీటి వేడి ఒక్కసారిగా పడిపోతే చేప తట్టుకోలేదు గనుకనూ ఇది అపపాఠం. రెండు మూడు డిగ్రీలు మెల్లగా తగ్గితే చాలు.

'నల్ల నీళ్లు' అంటే మురుగునీరని కోస్తా వ్యాఖ్యాతలు రాశారు. వారి ఊళ్లలో కుళాయి ఉంది, నల్లా లేదు, క్షమించాలి. కృష్ణ నుంచి వచ్చినా మంజీర నుంచి వచ్చినా నల్లాలోకి క్లోరిన్ కలిపే వదులుతారు. మనకది రక్ష. చేపకు మాత్రం నేరుగా మొప్పలను కాలుస్తుంది. వెడల్పాటి తొట్టిలో ఒక రోజు మూత లేకుండా ఉంచిన నీటిలో క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరపడేవారికి హైపో ఉంది. ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో వాడినదే, ఇప్పుడు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతుంది.

మేత సంగతి కవి ఎత్తలేదు, నాలుగు పాదాల్లో చోటు చాలలేదు. పాపం ఆకలేస్తుందని బకెట్టులో ఉస్మానియా బిస్కెట్ చిదిమి వేసే దయాళువులు క్యాంపస్‌లో కొరవడరు. బిస్కెట్ కుళ్లి నీటిలోని ఆక్సిజన్ తింటుంది. చేప తిన్నది అమ్మోనియా అయి అదే నీటిలో చేరుతుంది, నీరు వేడెక్కినకొద్దీ అది మరింత విషమవుతుంది. ప్రయాణానికి ముందురోజు నుంచే పస్తు పెట్టాలి. ఎండ కంటే మన ఆదరమే ఎక్కువ ఎరలను చంపిందని ఈ టీకాకర్త అభిప్రాయం.

పద్యంలో లేకున్నా గ్రాహ్యం: మిగిలిన ఎరలను ఆ చెరువులో గుమ్మరించవద్దు. ఒక నీటి రోగాలూ జాతులూ ఇంకో నీటికి అలాగే పాకుతాయి.

ఫలశ్రుతి: ఈ పద్యాన్ని కంఠస్థం చేసి పాటించినవారి ఎరలు సాయంత్రం దాకా బతికి ఉంటాయి. చేప పడుతుందని మాత్రం కవి ఎక్కడా అనలేదు.