ఏ ఎంబసీ ఇయ్యని వీసాలు

ఏ ఎంబసీలోనూ దొరకని వీసాలు నర్మెట్ట చాయ్ హోటల్లో దొరుకుతాయి. వాటిల్లో పేరుమోసింది ఆజాద్ వీసా. "కంపెనీ వీసా అయితే ఆ కంపెనీలనే పడి ఉండాలె తమ్మీ. ఇది గట్ల కాదు. ఎవడు ఎక్కువిస్తే వాని దగ్గర చేస్కో" అంటాడు ఏజెంటు, సాసర్లో చాయ్ ఊదుకుంటూ. ఇంతటి స్వేచ్ఛ లక్షన్నరకే వస్తుందంటే ఎవరికి చేదు?

సౌదీ చట్టంలో గానీ, కువైట్ చట్టంలో గానీ ఆజాద్ అనే రకమే లేదు. ఉన్నది కఫీల్ (పూచీ పడే అక్కడి యజమాని) పేరు మీద వచ్చే పని వీసా. ఎవరో ఒక కఫీల్ తన ఇంటికి డ్రైవర్ కావాలని వీసా తీసి, దాన్ని అమ్ముకుంటాడు. కొనుక్కున్నవాడు బయట తాపీ పని చేసుకుంటూ, అకామా (అక్కడ ఉండనిచ్చే కార్డు) రెన్యువల్ వచ్చినప్పుడల్లా ఆయనకు కప్పం కడతాడు. బయట పని చేస్తూ పోలీసులకు దొరికితే లోపలికి పోయేది మనవాడే. "నా మనిషి పారిపోయిండు" అని కఫీల్ ఒక్క మాట రాసిస్తే, తెల్లారేసరికి మనవాడు కల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. ఆజాదీ అంటే అదీ!

ఇక రెండో రకం, పోయినంక మారే వీసా. దుబాయ్ విజిట్ వీసాకు ఇది ముద్దుపేరు. ఇచ్చేది 30 రోజులకో 60 రోజులకో, చూసి రావడానికి. పని చేసే హక్కు దాంట్లో లేదు. గడువు దాటితే దినానికి 50 దిర్హాములు జరిమానా. కూలి ఎగ్గొట్టే మేస్త్రీ ఉంటాడేమో గానీ, జరిమానా మాత్రం ఒక్క పూట కూడా తప్పదు. అందుకే 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా యూఏఈ క్షమాభిక్ష పెట్టాల్సి వచ్చింది.

విజిట్ అంటే ఏజెంటుకు అంత మోజెందుకు? పది పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. దానికి జీతం రాసిన కాంట్రాక్టు చూపాలి, బీమా కట్టాలి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది మించితే 30 వేలు, పైన జీఎస్టీ. ఇన్ని చిక్కులు పడే బదులు మనిషిని టూరిస్టును చేస్తే పోలా!

ఇగ శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చూడాలి ఆ టూరిస్టును. సెంట్రింగ్ పనికి కాయలు కాచిన చేతులు, సంచిలో ఐదు కిలోల మామిడికాయ తొక్కు, జేబులో ఏజెంటు రాసిచ్చిన చిట్టీ. అడిగితే "బుర్జ్ ఖలీఫా చూడబోతున్న సార్" అనాలి. నెల రోజుల విహారానికి ఐదు కిలోల తొక్కెందుకని ఆఫీసర్ అడిగితే ఏం చెప్పాలో చిట్టీలో ఉండదు.

చదువు రానివాళ్లు కాబట్టి మోసపోయారనుకునే ఇంజనీరింగ్ బాబులు కాస్త ఆగాలి. వాళ్లకూ ఒక ఆజాద్ వీసా ఉంది, పేరు ఎఫ్-1. అది చదువుకునే వీసా. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని దాటొద్దు. అయినా "చదువుడు ఎందుకు, ఫీజు కట్టు, కొలువు చేస్కో" అని చెప్పేవాళ్లు పుట్టుకొచ్చారు. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అట్లా నిండింది. క్లాసులు లేవు, సార్లు లేరు. అందులో చేరినవాళ్లలో 129 మంది మన దేశపు పిల్లలు 2019 జనవరిలో పట్టుబడ్డాక తెలిసింది, ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లేనని. సర్కారే వల పన్నడం నాకూ నచ్చలేదు. కానీ పిల్లల్ని చేర్పించిన ఎనిమిది మంది దళారుల పేర్లు చదివితే మన పెళ్లి పత్రిక చదివినట్టే ఉంటుంది. అప్పటికి ఎనిమిదేళ్ల కిందే, 2011లో, కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతబడి మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు పడ్డాయి. అది చూసీ జంకలేదు.

చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసేవాళ్లు కూడా వీసా కావాలని మొక్కుతారు గానీ, ఏ రకమో చెప్పరు. ఆయన మాత్రం ఏం చేస్తాడు!

లైసెన్సున్న ఏజెంటా కాదా అన్నది కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ సైట్‌లో, చేతిలోని ఫోన్‌లోనే చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ నంబరుంటే చాలు. మన చాయ్ హోటల్ ఏజెంటును నంబరు అడగండి, సెల్ నంబరు చెప్తాడు. అదీ మనవాడు విమానం ఎక్కేదాకే కలుస్తుంది.