మొప్ప ఎత్తి చూడండ్రా!

మా రోజుల్లో చేప చేతికొస్తే ముందు కన్ను చూసేవాళ్ళం, ఆ వెంటనే మొప్ప ఎత్తి చూసేవాళ్ళం. ఇప్పుడు మన గంజాం జిల్లా గోపాలపురం సముద్రపు ఒడ్డున కుర్రాళ్ళకి చేప పడితే ముందు ఫోను కావాలి. గాలం ఇసకలో గుచ్చేసి, చేపని కెమెరా వైపు చేతులు బారజాపి పట్టుకుంటారు. అలా జాపితే జానెడు చేప మూరెడు కనిపిస్తుంది. పక్కన స్కేలు పెట్టరు. ఎక్కడ పట్టారో, ఏ వేళప్పుడు పట్టారో రాసుకోరు. ఫొటో పంపేశాక ఇంక చేపతో పనే లేదు.

మొన్న బరంపురంలో మా వీధి కుర్రాడొకడు అలాంటి ఫొటోనే తెచ్చాడు. పార చేప, నోరు తెరుచుకుని ఉంది. నాలుక ఉండాల్సిన చోట తెల్లగా, అడ్డంగా గట్లు గట్లుగా ఏదో పడుకుని ఉంది. దానికి రెండు నల్లటి కళ్ళు! వీడి స్నేహితులంతా దానిమీద వాదులాడుకుంటున్నారట. ఒకడు ప్లాస్టిక్ ముక్కన్నాడట, ఇంకొకడు చేప మింగబోయిన రొయ్యన్నాడట. మరొకడైతే అసలిది ఏఐ చేసిన బొమ్మ అని తేల్చేశాడట.

"చేప ఏదిరా?" అన్నాను.

"అక్కడే కుక్కలకి పడేశాం తాతయ్యా. ఫొటో ఉందిగా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న జవాబుని కుక్కలకి వేసి, ప్రశ్నని మాత్రం ఊరంతా తిప్పుతున్నారు.

మా చిన్నతనంలో గోపాలపురంలో తెప్పలు ఒడ్డెక్కే వేళకి తట్టలు పట్టుకుని ఆడవాళ్ళు సిద్ధంగా ఉండేవారు. ఒరియావాళ్ళు నోలియాలని పిలిచే మన తెలుగు జాలరి కుటుంబాలే. చేప కోసే ముసలమ్మకి అలాంటి నోరు చూపిస్తే ఆశ్చర్యపోయేది కాదు. "నాలిక పురుగు బాబూ. మొప్పలో ఇంకోటుంటాది, సూడు" అని బొటనవేలితో మొప్ప మూత ఎత్తేది. ఎర్రటి మొప్పల మధ్య అదే రూపంలో, బాగా చిన్నది ఇంకొకటి అంటుకుని ఉండేది. ఆవిడ బడికి వెళ్ళింది లేదు, రోజూ చేపని తెరిచి చూసిన మనిషి, అంతే.

ఆ పురుగు కాళ్ళు లెక్కపెడితే ఏడు జతలుంటాయి. ఈగకీ చీమకీ ఉన్నట్టు మూడు కాదు. రొయ్యలు, పీతల బలగంలోది ఇది. పిల్లగా ఉన్నప్పుడు ఈదుకుంటూ వచ్చి మొప్పల దారిన చేపలోకి దూరుతుంది. ముందు మొప్పల్లో మగదిగా బతికి, తరవాత ఆడదిగా మారుతుంది. ఆడది నాలుక మీదికి చేరి, కొక్కేల్లాంటి కాళ్ళతో పట్టుకుని రక్తం పీలుస్తుంది. పొట్ట కింద సంచిలో గుడ్లు మోస్తుంది. అందులోంచి బయటికొచ్చే పిల్లలకి మొదట ఆరు జతల కాళ్ళే, ఏడోది తరవాత వస్తుంది. అమెరికా ఖండం అవతలి ఒడ్డున కాలిఫోర్నియా సింధుశాఖలో ఒక చేపకి నాలుక ఇంచుమించు పూర్తిగా పోయి, పురుగే నాలుక పని చేస్తోందని 1983లో బ్రుస్కా, గిలిగన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రాశారు. మన బంగాళాఖాతంలోనూ ఈ కుటుంబానికి చెందినవి చాలా ఉన్నాయి. అన్నీ నాలుకని పోగొట్టవు. కొన్ని నోట్లో ఉంటాయి, కొన్ని మొప్పల్లోనే ఉండిపోతాయి. మనుషులకి వీటితో ప్రమాదం లేదు. బతికున్నదాన్ని వేలితో కెలికితే మాత్రం గీరుతుంది.

మరి ఆ కుర్రాడి చేపకి నాలుక ఉందా, నలిగిందా, పూర్తిగా పోయిందా? పురుగుని ఎత్తి చూస్తే తప్ప తెలీదు. మొప్పలో మగది ఉందా? మూత తీస్తే తప్ప తెలీదు. ఫొటోని ఎంత పెద్దది చేసుకున్నా మొప్ప మూత దానంతటదే తెరుచుకోదు కదా.

దొరికినదాన్ని దాచిపెట్టడమంటే ఎలా ఉంటుందో వినండి. 1914 ప్రాంతంలో అనండేల్, కెంప్ అనే ఇద్దరు తెల్లదొరలు చిలికా సరస్సుని గాలించారు. మన గంజాం వైపున్న రంభ ఊరి దగ్గర నీళ్ళలో దొరికిన పురుగూ పుట్రా, చేపా పీతా అన్నీ స్పిరిట్ సీసాల్లో వేసి, చీటీ రాసి అంటించారు. వందేళ్ళు దాటినా శాస్త్రజ్ఞులు ఆ పనితో పోల్చి చిలికా ఎంత మారిందో కొలుచుకుంటున్నారు. ఆ రెండేళ్ళకే, 1916లో భారత జంతు పరిశోధన సంస్థ పుడితే అనండేలే మొదటి డైరెక్టరు. చేతిలో సీసా ఉన్నవాడికి దొరికిన గౌరవం అది.

ఫొటో తీయొద్దని నేననను. తీయండి, కానీ చేపని నేలమీద పడుకోబెట్టి, పక్కన స్కేలు పెట్టి తీయండి. నోరు తెరిచి ఒకటి, మొప్ప ఎత్తి ఒకటి. పురుగు కనిపిస్తే చేప తలతో సహా స్పిరిట్‌లో వేసి, తేదీ, చోటు, చేప పేరు పెన్సిలుతో రాసిన చీటీ లోపలే పడేయండి. సిరా అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది. భంజ విహార్‌లో బరంపురం విశ్వవిద్యాలయానికి సముద్ర శాస్త్రాల విభాగమే ఉంది, గోపాలపురానికి దగ్గరే. పట్టుకెళ్ళి అక్కడ అడగండి. సీసా, స్పిరిటు నేనిస్తానని ఆ కుర్రాడికి చెప్పాను. ఈ ఆదివారం గాలం వేయడానికి వెళ్ళేటప్పుడు ఇంటికొచ్చి తీసుకెళ్ళమన్నాను.