మాసినవేమైనా ఉన్నాయా?

డెమోయిన్ విమానాశ్రయంలో మా బావ నన్ను గట్టిగా కావలించుకుని, రెండడుగులు వెనక్కి వేసి, నా చొక్కా వంక తేరిపార చూశాడు. హైదరాబాదులో విమానమెక్కి ఇరవై ఆరు గంటలయింది. దారిలో ఒలికిన కాఫీ జేబు కింద దేశపటంలా ఎండిపోయి ఉంది. అది చూడగానే ఆయన మొహం విప్పారింది. మావయ్య కులాసానా, అత్తయ్య మోకాళ్ళెలా ఉన్నాయి, ఇవేమీ లేవు.

"బామ్మర్దీ, మాసినవి ఎన్ని జతలున్నాయి?"

ఒంటి మీదున్న చొక్కా ఒక్కటే బావా, మిగతావన్నీ అమ్మ ఇస్త్రీ చేయించి సర్దింది అన్నాను. విందుకొచ్చి "ఇవాళ ఉపవాసం" అన్న చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

మా మేనత్త కొడుకు. ఇంటర్ రెండేళ్ళూ రాజమండ్రిలో మా ఇంట్లోనే ఉండి చదివాడు. ఇప్పుడు అయోవా రాష్ట్రంలో ఒక బీమా కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం. పరదేశంలో స్థిరపడ్డ తెలుగువాణ్ణి నలభై దాటాక ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరు పెరట్లో గోంగూర వేసి, అక్టోబరు చలికి దానికి దుప్పటి కప్పి నిద్రపుచ్చుతారు. కొందరు తెలుగు సంఘంలో ఓడిపోయి ఇంకో తెలుగు సంఘం పెడతారు. మా బావని పాత వాషింగ్ మెషీన్ పట్టుకుంది. అమెరికాలో ఈ శాఖవాళ్ళు బాగానే ఉన్నారు. ఎక్కువమంది తెల్లగడ్డం తాతలు. ఆవకాయ తినేవాడు మాత్రం వాళ్ళలో మావాడొక్కడే.

ఇంట్లో మనుషులు నలుగురు. నేలమాళిగలో వాషింగ్ మెషీన్లు ఆరు, డ్రయర్లు మూడు. లెక్క ఎక్కడ తేడా కొడుతోందో మీకీపాటికి అర్థమై ఉంటుంది. మా బావకి డబ్బు కరువు లేదు, చోటు కరువు లేదు, మాసిన బట్టల కరువు. పైగా ఆయన భార్య, నాకు వరసకి అక్క, తన బట్టలేవీ మెట్లు దిగనివ్వదు. పై అంతస్తులో ఆవిడకంటూ కొత్త ఫ్రంట్ లోడర్ ఉంది, దాని జోలికి ఆయన రాకూడదు, అదీ ఒప్పందం. అందుకని ఊళ్ళో ఉన్న తెలుగు బ్రహ్మచారులందరికీ శనివారాలు మా బావ ఇల్లే చాకిరేవు. ఉతుకు ఉచితం, ఉప్మా అదనం. ఒకటే షరతు. మూత తెరిచి పెట్టి, ఉతుకు పూర్తయ్యేదాకా ఎదురుగా నిలబడి చూడాలి. మా అమ్మమ్మ చాకలి పద్దు రాసినట్టు ఈయన ఒక పుస్తకంలో ఎవరి ప్యాంటు ఏ తేదీన ఏ మెషీన్లో పడిందో రాస్తాడు. ఆ ప్యాంటు తాలూకు కుర్రవాడికి పెళ్ళై టెక్సాస్ వెళ్ళిపోయినా పద్దు పదిలంగా ఉంటుంది.

"కిందికి రా, పరిచయం చేస్తాను" అన్నాడు, నేను బూట్లు విప్పకముందే. చొక్కా మటుకు విప్పించాడు.

వరసలో మొదటిది 1970ల నాటి మేట్యాగ్, అవకాడో పచ్చ రంగు. ఆ దశాబ్దంలో అమెరికా ఇళ్ళకి ఈ పచ్చా, దానికి తోడు ఆవపిండి లాంటి ఒక పసుపూ తెగులు సోకినట్టు సోకాయి. బావ దాని మూత మీద అరచెయ్యి ఆనించి, "మోటారు ఒకవైపు తిరిగితే ఉతుకుతుంది, అదే మోటారు రెండోవైపు తిరిగితే పిండుతుంది. బోర్డు లేదు, ప్రోగ్రాం లేదు" అన్నాడు. పొద్దస్తమానం ప్రోగ్రాములు రాసి పొట్టపోసుకునే మనిషి ప్రోగ్రాం లేకపోవడాన్ని అంత భక్తిగా చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. నా చొక్కా అందులో వేశాడు. ఒక్క చొక్కాకి మెషీన్ నిండదు కదా, ఉతికి మడతపెట్టి ఉన్న తువ్వాళ్ళు డజను తోడిచ్చాడు. అరగంటకి కాఫీ మరక పోయింది.

అయిపోయింది కదా అనుకున్నాను. "ఒకళ్ళకి పెట్టి ఇంకొకళ్ళకి పెట్టకపోతే ఎలా?" అని చొక్కాని రెండోదాంట్లో పడేశాడు.

అది ఫ్రిజిడేర్. ఆ కంపెనీ 1979 దాకా కార్లు చేసే జనరల్ మోటార్స్ వాళ్ళదే. అందరి మెషీన్లలోనూ నడుమ ఉండే ఆ దిమ్మె, దాన్ని అజిటేటర్ అంటారు, అటూ ఇటూ తిరుగుతుంది. వీళ్ళది మాత్రం పైకీ కిందికీ ఆడుతుంది. చూస్తే అచ్చంగా రోకటిపోటు. నీళ్ళు ఎగిరి నా బనీను మీద పడ్డాయి. ఆ తర్వాత జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ ఫిల్టర్ ఫ్లో. అందులో నీళ్ళు పైనుంచి చిన్న జలపాతంలా ఒక జల్లెడ పళ్ళెంలోకి దూకి, నూలుపోగులని అక్కడ వదిలేసి మళ్ళీ బట్టల్లోకి దిగుతాయి. నిజం చెప్పాలంటే అది చూడముచ్చటగా ఉంది. పది నిమిషాలు అలాగే నిలబడిపోయాను. పక్కనుంచి బావ నా మొహమే చూస్తున్నాడని తర్వాత తెలిసింది. నాలుగోది సియర్స్ దుకాణాలు అమ్మిన కెన్‌మోర్. ఉతుకులోంచి పిండుడులోకి మారేటప్పుడు దాని కడుపులో "టకటక్" మని ఒక చప్పుడు వస్తుంది. బావ ఆ చప్పుడు నోటితో చేయగలడు. చేశాడు కూడా, మూడుసార్లు.

ఐదోది వర్ల్‌పూల్, సబ్బునీళ్ళు దాచుకునే రకం. మొదటి విడత తెల్లబట్టలు ఉతికిన నీళ్ళని పక్కనున్న తొట్టిలోకి తోడిపెట్టుకుని, రెండో విడత రంగుబట్టలకి మళ్ళీ అవే లాక్కుంటుంది. దీన్ని చూడగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోయని ఆ మహాతల్లి అమెరికా వచ్చి ఉంటే ఈ ఒక్క మెషీన్‌కే దణ్ణం పెట్టేది.

ఆరోది చూశాక నేనే దణ్ణం పెట్టాను. రింగర్ మేట్యాగ్, పైన రెండు రబ్బరు రోలర్లు. చెరుకురసం బండిలో గడ పెట్టినట్టు బట్టని ఇటు పెడితే అటు పిప్పై వస్తుంది. ఆటోమేటిక్‌లు వచ్చి దశాబ్దాలు గడిచినా ఆ కంపెనీ ఈ రకాన్ని 1983 దాకా తయారు చేసిందంటే కొనేవాళ్ళుండబట్టే కదా. "బొత్తాలు లోపలికి మడిచి పెట్టాలి, చూడు" అని బావ చేసి చూపిస్తూ మాటల్లో పడి మడవడం మరిచాడు. రెండు బొత్తాలు టప్ టప్ మని పేలి డ్రయర్ల వెనక్కి పోయాయి.

డ్రయర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఆయన అలా చెప్పలేదు. 240 వోల్టుల ప్రత్యేక ప్లగ్గు, చుట్టూ వలయంలా హీటరు. మేట్యాగ్ వాళ్ళు దాన్ని వేడి ప్రభావళి అనే అర్థం వచ్చేలా "హేలో ఆఫ్ హీట్" అన్నారు. దసరా ఆయుధపూజనాడు మా బావ ఆ ప్రభావళికి నిజంగానే బొట్టు పెట్టాడు. మెషీన్లకి చక్రాలు లేవు కాబట్టి ఒక్కో కాలి దగ్గరా ఒక్కో నిమ్మకాయ. తొమ్మిది మెషీన్లకి ముప్ఫై ఆరు. ఆ వారమంతా పులిహోరే తిన్నామని అక్క చెప్పింది.

వీటిని ఎక్కడ పడతాడంటే, ముసలివాళ్ళు పోయాక పిల్లలు ఇంటి సామానంతా అమ్మకానికి పెడతారు. అందరూ వెండి చెంచాల దగ్గర మూగితే మావాడు తిన్నగా నేలమాళిగలోకి దిగుతాడు. ఒకసారి ఎనభై ఏళ్ళ పెద్దావిడ తన కెన్‌మోర్‌ని ఇచ్చేముందు గంటసేపు ఇంటర్వ్యూ చేసిందట. ఎందరు పిల్లలు, ఏం సబ్బు వాడతారు, రోజుకి ఎన్నిసార్లు వేస్తారు? ఒప్పగింతలప్పుడు ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. 1937లో వచ్చిన బెండిక్స్ ఒకటి సంపాదించాలని బావకి జీవితాశయం. ఇళ్ళలోకి వచ్చిన మొట్టమొదటి ఆటోమేటిక్ అదే. ఊగిపోయి నడవకుండా దాన్ని నేలకి బోల్టులతో బిగించాలి. అక్క నేలకి చిల్లు పెట్టనివ్వనంది. అక్కడ ఆగింది.

అక్క వాదనలోనూ బలం లేకపోలేదు. ఈ పాతవి ఒక్క విడతకి నూట యాభై లీటర్ల దాకా నీళ్ళు తాగుతాయి, కొత్తది అందులో సగం కూడా తాగదు. బాగా పిండవు కాబట్టి డ్రయర్ ఎక్కువసేపు తిరగాలి. "ఆ రోజుల్లో వస్తువులే వేరు" అని బావ అన్నప్పుడల్లా నాకో అనుమానం. నాసివన్నీ ఎప్పుడో తుక్కులో కలిసిపోయి గట్టిపిండాలే మిగిలాయి. వాటిని చూసి కాలమంతా గట్టిదనుకుంటున్నాడేమో! అనలేదు, ఉప్మా తింటున్నాను.

ఆదివారం న్యూటన్ తీసుకెళ్ళాడు. గంటలోపు దారి. మేట్యాగ్ పుట్టిల్లు అది. 1893లో అక్కడ వ్యవసాయ పనిముట్లతో మొదలుపెట్టి 1907లో వాషింగ్ మెషీన్‌కి వచ్చారు. 2006లో వర్ల్‌పూల్ కొనుక్కుంది, మరుసటేడు అక్కడి ఫ్యాక్టరీ మూసేశారు. బావ కారు పక్కకి ఆపి కాసేపు మాట్లాడకుండా కూచున్నాడు. తర్వాత మేట్యాగ్ వంశంవాళ్ళే తమ పాడి క్షేత్రంలో 1941లో మొదలుపెట్టిన బ్లూ చీజ్ కొన్నాడు. ఆయన చీజ్ తినడు, అక్క దాన్ని ఇంట్లోకి రానివ్వదు. వాసన మటుకు ఉతకని సాక్సుల వాసనే. అయినా ఏడాదికోసారి కొంటాడు, కృతజ్ఞత.

తిరిగొస్తూ అసలు విషయం చెప్పాడు. మేట్యాగ్‌కి 1967 నుంచి టీవీలో ఒక ప్రకటన వచ్చేదట. కంపెనీ రిపేరువాడు యూనిఫాం వేసుకుని బల్ల దగ్గర దిగాలుగా కూచుని ఉంటాడు. మెషీన్లు చెడిపోవు, ఫోను మోగదు, ఊళ్ళో వాడంత ఒంటరివాడు లేడు. జెస్సీ వైట్ అనే నటుడు రెండు దశాబ్దాలు ఆ వేషం వేశాడు. "అది చూసి నవ్వేవాణ్ణి" అన్నాడు బావ. "నా టూల్‌బాక్సు తెరిచి ఎనిమిది నెలలయింది."

పోయినేడు అక్క కొత్త మెషీన్ ఆగిపోయి అంకెలేవో చూపించినప్పుడు బావకి పండగొచ్చింది. స్క్రూడ్రైవరు పట్టుకుని రెండేసి మెట్లు ఎక్కాడు. విప్పితే లోపల ఒక బోర్డు. దాన్ని మార్చాలే తప్ప బాగుచేయడానికేం లేదట. మెకానిక్ వచ్చి చెప్పిన ధర విన్నాక ఈయన నెల్లాళ్ళు అందరికీ ఫోన్లు చేసి ఆ అంకె చెప్పాడు.

నేను రాజమండ్రి తిరిగొచ్చాక అమ్మ సూట్‌కేసు తెరిచి, మడతలన్నీ విప్పి, రెండు బొత్తాలు లేని ఆ తెల్లని చొక్కా ఎత్తి చూసి, "ఎవరిదిరా ఇది?" అంది. వెళ్ళేటప్పుడు అది లేత నీలం. ఆరు మెషీన్లలో ఉతికినవన్నీ మళ్ళీ మా ట్విన్ టబ్‌లో వేసింది. 1994లో కొన్న సెమీ ఆటోమేటిక్. పిండేటప్పుడు బాత్రూమ్ గుమ్మందాకా నడిచొస్తుంది. అడ్డం ఇటుక పెడతాం. సరిగ్గా అప్పుడే బావ వీడియో కాల్. అమ్మ మోకాళ్ళ గురించి మొదలుపెట్టిందో లేదో, "అత్తయ్యా, ఒక్క నిమిషం. వెనకాల ఆ చప్పుడేంటి? ఫోను దాని దగ్గర పెట్టు" అన్నాడు. పెట్టింది. కళ్ళు మూసుకుని విన్నాడు. "బెల్టు జారుతోంది. ఎవరినీ ముట్టుకోనివ్వకు. దాన్ని అమ్మకు. డిసెంబరులో టికెట్టు చూస్తాను."

తొమ్మిదేళ్ళయింది వాడొచ్చి. తాతయ్య తద్దినానికి రాలేదు, చెల్లెలి గృహప్రవేశానికి రాలేదు. అమ్మ ఫోను పెట్టేసి, జారుతున్న ఆ బెల్టు చప్పుడు కాసేపు వింది. మర్నాడు నేను మెకానిక్‌ని పిలుస్తానంటే గయ్యిమంది.

"వాడొచ్చేదాకా దాని మీద చెయ్యి వేశావంటే చూడు."

అప్పట్నుంచి బట్టలు చేత్తో ఉతుకుతోంది.