టెండర్ మామ

వైన్సుల నోటిఫికేషన్ పడ్డదంటే మా మామ బీడీ మానేసి సిగరెట్ అందుకుంటాడు. కాబోయే ఓనరు బీడీ తాగితే బాగుండదట. దేవరకొండ దిక్కు ఊళ్లలో ఇలాంటి మామ ఊరికొకడన్నా ఉంటాడు. పాలమూరు చుట్టాలను అడిగితే తమ ఊళ్లో ఇద్దరున్నారన్నారు.

నిజానికి అది టెండరేం కాదు. పాట ఉండదు, పోటీ రేటు ఉండదు. పైసలు కట్టి దరఖాస్తు వేయడం, డబ్బాలో చేయి పెట్టిన కలెక్టరుకు ఏ నంబరు తగిలితే వాడికి దుకాణం రావడం, అంతే. కానీ ‘లాటరీ ఏసిన’ అంటే అత్త ఊరుకోదు. ‘టెండర్ ఏసిన’ అంటే రోడ్డు కాంట్రాక్టేమో అనుకుంటుంది. వైన్సు కోసమని తెలిస్తే ఇంకేమన్నా ఉందా, 1993లో సారా బందయ్యేదాకా రోడ్డెక్కిన మనిషి మరి.

మన దగ్గర లాటరీ టికెట్లు అమ్మితే కేసు. కేరళలో 1967 నుంచీ సర్కారే అమ్ముతోందని చెబితే మామ జాలిపడ్డాడు. "గా చిల్లర ఆటలు మనకెందుకు అల్లుడా?"

ఈయనది చిల్లర ఆట కాదు, నిజమే. దరఖాస్తు ఒక్కటికి 2023లో 2 లక్షలు, 2025లో 3 లక్షలు. డ్రాలో రాకుంటే రూపాయి వాపసు రాదు. రాష్ట్రం మొత్తం మీద 2,620 దుకాణాలకు 2023లో లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. సీసా మూత తీయకముందే సర్కారుకు 2,600 కోట్లు దాటాయి. రేటు పెంచాక దరఖాస్తులు 95 వేలకు తగ్గాయి, రాబడి మాత్రం 2,800 కోట్లు దాటింది. ఎప్పుడూ ఓడని టెండర్ మామ ఒకాయన హైదరాబాదులో ఉన్నాడన్నమాట.

మామ ఒక్కడి దగ్గర 3 లక్షలెక్కడివి? పదిమందిని పోగేశాడు, తలా 30 వేలు. ఒకరివి పత్తి తొలి తీత పైసలు, ఒకరివి గొర్లమ్మిన పైసలు. పదో వాటా నాది. ఎందుకిచ్చానని అడక్కండి.

ఏ షాపుకు ఎన్ని పడ్డాయో ఎక్సైజ్ ఆఫీసులో తెలుస్తూనే ఉంటుంది. తక్కువ పడ్డదానికే వేయాలన్నది మామ సిద్ధాంతం. అందుకే గడువు చివరి రోజు డీడీ జేబులో పెట్టుకుని ఆఫీసు ముందు వేపచెట్టు కింద కూర్చున్నాం. అక్కడ మా మామతో కలిపి నలభై మంది మామలున్నారు. అందరి జేబుల్లో డీడీలు, అందరి బుర్రల్లో అదే సిద్ధాంతం. సాయంత్రం ఒక షాపుకు తొమ్మిదే పడ్డాయని గుసగుస లేచింది. చెట్టు ఖాళీ అయింది. రాత్రికి ఆ షాపుకు దరఖాస్తులు నలభై తొమ్మిది.

లైన్లో ఎవడో మామకు సిగరెట్ ఇచ్చి మా ముందు దూరాడు. పెద్దమనిషి గదా, మామ జరిగి చోటిచ్చాడు. మాకు 31 పడింది.

గడువు అక్టోబర్ 23న ముగిసింది, డ్రా 27న. నడుమ మూడు రోజులూ మామ వైన్స్ నడిపాడు. డీడీ జిరాక్సు వెనకాల దుకాణం గీశాడు. కౌంటరెటు, ఫ్రిజ్జులెటు, పర్మిట్ రూమ్‌లో బోటి ఫ్రై ఎవరు పెట్టాలె, అన్నీ రాసుకున్నాడు. పొలం గట్టు తగాదా ఉన్న పక్క చేను ఆయనకు ఉద్దెర బంద్ పెట్టాడు.

"మామా, ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊరికైనా ఏడాదికి 50 లక్షల ఫీజంట. ఎక్కడి నుంచి తెస్తవ్?"

"మనం నడుపుతమా పిచ్చోడా! డ్రాల నంబరొచ్చిన మాపటికే ఇంటి ముందట పెద్దోళ్ల కారాగుతది. గుడ్‌విల్ తీస్కొని చెయ్యి దులుపుకునుడే."

"మరి కౌంటరెటో ఎందుకు గీస్తున్నవ్?"

మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూట నాతో మాట్లాడలేదు.

డ్రా ఫంక్షన్ హాల్లో. పెళ్లికి కూడా అంత జనం రారు. నంబర్లున్న ప్లాస్టిక్ బిళ్లలు డబ్బాలో పోసి, గలగలా ఊపి, ఒకటి తీసి అందరికీ చూపిస్తారు. మా షాపు వంతు వచ్చింది. మామ కళ్లు మూసుకుని గుట్ట నరసింహస్వామికి తలనీలాలు మొక్కాడు. బిళ్ల తీశారు.

30.

సిగరెట్ ఇచ్చినాయన కుర్చీ ఎక్కి ఎగిరాడు. మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క నంబరుల పోయింది అల్లుడా." బస్సులో నల్లగొండ నుంచి మల్లేపల్లి దాకా అదే మాట. మిగతా నలభై ఏడు మంది కూడా ఏదో ఒక నంబరులోనే పోగొట్టుకున్నారని నేననలేదు.

డిసెంబర్‌లో దుకాణం తెరిచారు. మామ మళ్లీ బీడీకి వచ్చాడు. రోడ్డుకు ఇవతల నిలబడి చాలాసేపు చూశాడు.

"గ్రిల్లు పడమటికి పెట్టిండు. మాపటేళ ఎండంత సీసల మీదనే కొడ్తది. బీరెట్ల సల్లగుంటది?"

జేబులోంచి మడతలు నలిగిన ఆ జిరాక్సు తీశాడు. రోడ్డు దాటి, లోపలున్న ఓనరుకు చూపించడానికి పోయాడు.