బొట్టు లేని పిలుపు

శుభలేఖకు నాలుగు మూలలా పసుపు రాసి, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవడం పాత మాట. ఇప్పుడు వాట్సాప్‌లో వీడియో దిగుతుంది. సన్నాయి మోగుతుంది, వినాయకుడు గిర్రున తిరుగుతాడు, ‘దీన్నే వ్యక్తిగత ఆహ్వానంగా భావించగలరు’ అంటుంది. సరే, భావించాం! బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మందే. అందులోనూ పంపినవారి నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. పాపం, మేనత్తగారు చేసుకోలేదు. అలక మాత్రం ఇంకా డిజిటల్ కాలేదు, స్వయంగా వెళ్లి తీర్చాల్సిందే.

ఇక శుభలేఖ పేరుతో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించేది) వస్తే తెరవొద్దని సైబర్ పోలీసులు మొత్తుకుంటున్నారు. ముహూర్తం చూద్దామని నొక్కారో, చదివింపులు ఖాతాలోంచి వాటంతటవే వెళ్లిపోతాయి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ పెళ్లిలో భోజనం కూడా పెట్టరు.